బాక్సుకి చోటు సరే, వెనక కూర్చునే మనిషికో?

బండికి సామాన్ల బాక్సు కావాలని మగవాళ్ళు అడగడంలో తప్పేం లేదండీ. నెల సరుకులు, పిల్లల బ్యాగులు, ఊరెళ్ళేటప్పుడు బట్టలు హ్యాండిల్‌కి తగిలించుకుని వెళ్ళే కంటే ఒక బాక్సులో పడితే నయమే. బాక్సు కొంటారు. దాన్ని బండికి బిగించే స్టాండు మాత్రం, కంపెనీది ఖరీదని, వీధి చివర వెల్డింగ్ షాపులో చేయించేస్తారు. పాత ఇనప కొట్టులో కిలో లెక్కన కొన్న కమ్మీలు, పట్టీలు, నాలుగు బోల్టులు, ఒక పూట పని.

దీనికి నేను వ్యతిరేకిని కాను. పని తెలిసినవాడు చేస్తే స్టాండు గట్టిగానే ఉంటుంది, విరిగినా అతికించుకోవచ్చు. నా పేచీ ఒక్కటే. కొలతలన్నీ బాక్సుకి, బండికి తీసుకుంటారు. వెనక కూర్చునే మనిషికి ఎవరూ తీసుకోరు.

బండి వెనక భాగంలో బోల్టు బిగించడానికి దొరికే చోట్లు తక్కువ. సీటు వెనక పట్టుకునే కమ్మీ దగ్గర ఒకటి, ఎడమ పక్క శారీ గార్డు దగ్గర ఒకటి. అందుకే ముందు ఊడేవి ఆ రెండే. చాలా బళ్ళకి సైలెన్సర్ కుడి పక్క ఉంటుంది. ఆ వేడికి ప్లాస్టిక్ బాక్సు పాడవుతుందని దాన్ని ఎడమకి జరుపుతారు. మనం కాళ్ళు పెట్టుకునేది ఆ ఎడమ పక్కే కదా!

ఇది నా చాదస్తం కాదు, చట్టంలోనే ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం బండికి పట్టుకునే పిడి, ఫుట్‌రెస్టు, వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చిక్కుకోకుండా చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ఉండి తీరాలి. 2020లో కేంద్ర రవాణా శాఖ బాక్సు సంగతీ తేల్చింది. పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు దాటకూడదు. వెనక సీటు చోటులో బాక్సు పెడితే నడిపేవాళ్ళు ఒక్కరే వెళ్ళాలి. అంటే ఆ చోటు బాక్సుదైనా కావాలి, మనిషిదైనా కావాలి. ఇద్దరినీ ఇరికించడం కుదరదు.

కాబట్టి కమ్మీ కోయకముందే మనమూ షాపుకి వెళ్ళాలి. బాక్సుని పక్కన ఎవరినైనా పట్టుకోమని, రోజూ కట్టుకునే చీరలోనే బండెక్కి కూర్చోవాలి. పాదం ఫుట్‌రెస్టు మీద పూర్తిగా ఆనుతోందా? బాక్సు మూల మోకాలికి తగులుతోందా? పట్టుకోవడానికి ఏముంది? శారీ గార్డు తీయక తప్పదంటే, చక్రాన్ని కప్పేలా స్టాండుకే జాలీ అతికించమనాలి.

ఇంకొన్ని చూసుకోవాలి. స్టాండుని బండి ఫ్రేముకి అతికించకూడదు, బోల్టులతోనే బిగించాలి. బండి అదురుకి మామూలు నట్లు వదులవుతాయి, లోపల నైలాన్ రింగు ఉన్న లాక్ నట్లు వేయించాలి. వారం తిరిగాక మళ్ళీ బిగించి, అతుకుల దగ్గర పగుళ్ళేమైనా వచ్చాయేమో చూడాలి. వెనక లైటు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు కనబడాలి. బరువంతా సీటు వెనక బాక్సులో పెడితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. పది కిలోల బియ్యం సంచికి అది చోటు కాదు.

"ఆడవాళ్ళకి నట్లూ బోల్టులూ ఎందుకు?" అంటారు. కుక్కరు చప్పుడు విని వాషరు అరిగిందని చెప్పేవాళ్ళం, స్టాండు గలగల పట్టలేమా? వెనక కూర్చుంటాం కాబట్టి అది ముందు వినబడేదీ మనకే.

వంటగట్టు ఎత్తు మనల్ని అడక్కుండా కట్టేస్తారు, నడుం నొప్పి ఏళ్ళ తరబడి మనం పడతాం. నడుం నొప్పికైతే మందు రాసుకోవచ్చు. నడుస్తున్న బండి చక్రంలో కొంగు చుట్టుకుంటే సర్దుకోవడానికి క్షణం కూడా ఉండదు. అందుకని ఈసారి ఇంట్లో స్టాండు చేయిస్తానంటే వద్దనకండి. "నేనూ వస్తా" అనండి.