పదిన్నర లోపల

నిన్న శుక్రవారం. ఇబ్రిలో రాత్రి తొమ్మిదిన్నర. కడప నుంచి వచ్చి ఇక్కడ ట్రక్కు నడిపే అన్న ఒకాయన పాత లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా గదికొచ్చారు.

"తమ్ముడూ, పాప కాలేజీ ఫీజుకు ఈరోజే ఆఖరు. పాస్‌వర్డ్ కొడితే మళ్లా అదే పేజీ వస్తాంది."

ఇండియాలో అర్ధరాత్రి అంటే మనకి పదిన్నరే.

"ఇంక కొట్టొద్దన్నా, ఖాతా లాకైపోతుందేమో" అన్నాను. చూస్తే, సైటు "పాస్‌వర్డ్ తప్పు" అనడం లేదు. రానిచ్చి, మరుక్షణం మరిచిపోతోంది. వెబ్‌కి స్వతహాగా జ్ఞాపకం లేదు. పేజీ మారితే మళ్ళీ కొత్త మనిషే. అందుకే 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లీ కుకీని తెచ్చాడు. గుళ్ళో చెప్పులు వదిలితే ఇచ్చే టోకెను లాంటిది. అది చెల్లకపోతే గుమ్మం దగ్గరికే తిరిగొస్తాం.

ప్రైవేట్ విండోలో తెరిచాం. వెళ్ళిపోయింది! అంటే పాస్‌వర్డ్ సరైనదే. పాత కుకీయో, ఏదో ఎక్స్‌టెన్షనో అడ్డం. ఆ ఒక్క సైటు కుకీలు తుడిచాను. అన్నీ తుడిస్తే మిగతా సైట్లు కూడా మళ్ళీ లాగిన్ అడుగుతాయి. మామూలు విండోలోనూ తెరుచుకుంది.

ఓటీపీ ఊళ్ళో వదిన ఫోనుకి. ఆవిడ ఒక్కో అంకె చదువుతుంటే అన్న వేళ్ళు వణికాయి. పదింబావుకి రసీదు వచ్చింది. దాని మీద కూతురి పేరు రెండుసార్లు పైకి చదువుకున్నారు.

మీకూ ఇలా అయితే ముందు ప్రైవేట్ విండో. పాస్‌వర్డ్ మార్చడం ఆఖరున.