మత్తు గొంతులు కావు, పని చేసిన గొంతులు

జాజ్, బోసా నోవా పాటలు కొత్తగా వినాలనుకునేవాళ్ళకి గాయనుల పేర్లు చెప్పడం ఈమధ్య బాగా పెరిగింది. మంచిదే. ఏ దేశపు పాటైనా మనం వినాలి. కానీ ఆ చెప్పే తీరు చూడండి. "మఖమలు లాంటి గొంతు", "మత్తెక్కించే గొంతు", "వాన కురిసే రాత్రి వినాల్సిన గొంతు". పాడిన మనిషికి ఎంత ఇచ్చారు, రికార్డు అట్టమీద ఆమె పేరు వేశారా లేదా అన్నది ఎవరూ చెప్పరు. మగ వాద్యకారుడైతే అతని సాధన గురించీ, ప్రయోగాల గురించీ, మేధస్సు గురించీ మాట్లాడతారు. ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి గొంతూ, అందం, దుఃఖం మాత్రమే మిగులుతాయి. ఇదెక్కడి న్యాయం?

బోసా నోవా 1950ల చివర్లో బ్రెజిల్‌లోని రియో నగరంలో పుట్టింది. సాంబా లయని ఒక్క గిటారు మీదికీ, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుండే గానంలోకీ దించిన సంగీతం అది. కొత్తవాళ్ళకి మొదట చెప్పే పేరు ఆస్ట్రుడ్ జిల్బెర్టో. ఇపనేమా సముద్రతీరపు అమ్మాయి మీద రాసిన పాటకి 1963లో న్యూయార్క్‌లో ఇంగ్లీషు చరణాలు పాడింది ఆమె. 1964లో రికార్డు వచ్చింది. ఆ పాటని ప్రపంచమంతా తిప్పింది ఆమె గొంతే. కానీ అట్టమీద సాక్సోఫోన్ వాయించిన స్టాన్ గెట్జ్ పేరుంది, ఆమె భర్త జొవావ్ జిల్బెర్టో పేరుంది, బాణీ కట్టిన జోబిమ్ పేరుంది. ఆమె పేరు లేదు. ఆ రోజు పనికి ఆమెకి ముట్టింది యూనియన్ రేటు ప్రకారం 120 డాలర్లని చెబుతారు. పైగా, ఏమీ తెలియని ఇల్లాలిని మగవాళ్ళు కనిపెట్టి గాయనిని చేశారని ఒక కథ అల్లారు. ఆ కథని ఆమే ఖండించింది. 2023లో ఆమె చనిపోయింది. కథ మాత్రం చావలేదు.

జాజ్‌కి వద్దాం. బిల్లీ హాలిడేది "దుఃఖపు గొంతు" అంటారు. ఆ దుఃఖం ఆకాశం నుంచి ఊడిపడలేదు. నల్లవాళ్ళని చెట్లకి ఉరితీసే హత్యల మీద 1939లో ఆమె పాడిన పాటని ఆమె సొంత కంపెనీ రికార్డు చెయ్యనంటే, ఒక చిన్న కంపెనీ చేసింది. మత్తుమందుల కేసులో 1947లో జైలుకి వెళ్ళి వచ్చాక, మద్యం అమ్మే క్లబ్బుల్లో పాడడానికి న్యూయార్క్‌లో కావలసిన కార్డుని ఆమెకి మళ్ళీ ఇవ్వలేదు. అంటే పాడే మనిషికి పాడే పని లేకుండా చేశారు. 1959లో ఆసుపత్రి మంచం మీదే ఆమెని అరెస్టు చేశారు. అక్కడే చనిపోయింది. ఇదంతా మింగేసి "ఎంత విషాదం, ఎంత మాధుర్యం" అనడం రసికత కాదు, బాధ్యత లేకపోవడం.

నీనా సిమోన్ శాస్త్రీయ పియానో నేర్చుకున్న మనిషి. తన మొదటి రికార్డు మీద హక్కులన్నీ 3,000 డాలర్లకి రాసిచ్చేసింది. అందులోని ఒక పాట 1987లో సెంటు ప్రకటనలో మోగి మళ్ళీ పెద్ద హిట్టయింది. లాభం ఎవరికి పోయిందో వేరే చెప్పాలా?

ఇవి అమెరికా గొడవలు, మనకెందుకు అంటారా? అయితే మన సినిమా పాట సంగతే చూద్దాం. 1949లో 'మహల్' హిందీ సినిమా పాట రికార్డు వచ్చినప్పుడు దానిమీద లతా మంగేష్కర్ పేరు వెయ్యలేదు. సినిమాలో పాత్ర పేరు "కామిని" అని వేశారు. లేని మనిషికి పేరుంది, పాడిన మనిషికి లేదు!

తెలుగులో జాజ్ వాసన తగిలిన పాటలు వినాలంటే ఎల్.ఆర్. ఈశ్వరిని వినాలి. 1971లో 'ప్రేమనగర్', 1973లో 'దేవుడు చేసిన మనుషులు', 1978లో 'మరో చరిత్ర'. ఆ పాటల్లో లయని ఆమె ముందుకీ వెనక్కీ లాగి పట్టుకునే తీరూ, నవ్వునీ ఊపిరినీ కూడా స్వరంలో కలిపే తీరూ గమనించండి. కోరస్‌లో పాడి పైకొచ్చిన మనిషి ఆమె. అటువంటి పనిమంతురాలికి మన పరిశ్రమ అంటగట్టింది "క్లబ్బు పాటల ఈశ్వరి" అన్న ముద్ర. హీరోయిన్ శీలానికి ఒక గొంతు, క్లబ్బులో ఆడేదానికి ఇంకో గొంతు అని పంచి పెట్టారు. మంచి ఆడది, చెడ్డ ఆడది అన్న పితృస్వామ్యపు విభజనని మైకు దాకా తీసుకొచ్చారు. కానీ ఆషాఢమాసంలో తమిళనాడు వీధుల్లో మోగే అమ్మవారి పాటలు పాడింది కూడా ఈ ఈశ్వరే! అదే గొంతు. మరి మత్తు ఎక్కడుంది? గొంతులోనా, పాత్రలు పంచిన వాళ్ళ బుర్రల్లోనా?

పేరు కోసం ఇంత పట్టుబట్టడం దేనికని కొందరు అడుగుతారు. పేరంటే కీర్తి మాత్రమే కాదు, హక్కు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం పాటని వ్యాపారానికి వాడుకుంటే గాయకులకి రాయల్టీ రావాలి. 2013లో గాయకుల రాయల్టీ సంఘం కూడా ఏర్పడింది. మంచిదే. కానీ అదే చట్టంలో ఒక మెలిక ఉంది. సినిమాలో ఒకరి ప్రదర్శన చిన్నాచితకాదై, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో ఎక్కడా పేరు వెయ్యకపోతే, ఆ మనిషిని ప్రదర్శకురాలిగా లెక్కించరు. తన ప్రదర్శనని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు ఒక్కటే మిగులుతుంది. చూశారా? ముందు పేరు వెయ్యరు. తర్వాత పేరు లేదు కాబట్టి హక్కు లేదంటారు. కోరస్‌లో పాడే ఆడవాళ్ళు ఈ మెలికలో ఎందరు చిక్కుకుంటారో ఆలోచించండి.

రియోలో బీదవాళ్ళ బస్తీలు కొండలమీద ఉంటాయి, డబ్బున్నవాళ్ళ మేడలు కింద తీరాన. మన దగ్గర తలకిందులు. కొండమీద జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్. వాటికి పనిచేసే జనం కృష్ణానగర్‌లో, యూసుఫ్‌గూడలో, పేరులోనే బండ మోస్తున్న బోరబండలో. ఆ ఇళ్ళలోని మనిషి గొంతు కొండెక్కి స్టూడియోలోకి వెళ్తుంది. పేరు మాత్రం కిందే ఉండిపోతుంది.

అందుకే కొత్త శ్రోతలకి మేం మరో రెండు పేర్లు చెబుతాం. ఒకటి నారా లెయావ్. తీరపు మేడల్లో పెరిగి "బోసా నోవా సుందరి"గా పిలిపించుకున్న ఈమె, 1964లో తన మొదటి రికార్డులోనే కొండ బస్తీల సాంబా కవుల పాటలు పాడింది. ఆ ఏడే సైనిక ప్రభుత్వం వచ్చాక, దాన్ని ప్రశ్నించే 'ఒపినియావ్' ప్రదర్శనలో నిలబడింది. రెండోది ఎల్జా సోరెస్. బీదవాళ్ళ బస్తీలోనే పుట్టిన నల్లజాతి స్త్రీ. రేడియో పోటీలో బట్టలు చూసి ఏ గ్రహం నుంచి వచ్చావని వెక్కిరిస్తే, ఆకలి గ్రహం నుంచని జవాబిచ్చిందట. గొంతుని బొంగురు చేసి, జాజ్ పద్ధతిలో అర్థంలేని అక్షరాలతో లయ వాయించేది. 2015లో, ఎనభై దాటిన వయసులో, కొట్టే మగాడి మీద 180కి ఫోన్ చేస్తానని పాడింది. అది బ్రెజిల్‌లో స్త్రీల సహాయ నంబరు, మన 181 లాగా. ఇది మత్తెక్కించే పాటా, మత్తు దించే పాటా?

"పాటని పాటగా వినండి, లెక్కలెందుకు" అనేవాళ్ళుంటారు. లెక్క తెలిస్తే పాట చెడిపోదు. ఆమె ఎక్కడ ఊపిరి ఆపిందో, ఎందుకు తాళం వెనక నడిచిందో ఇంకా బాగా వినిపిస్తుంది. వంటని మెచ్చుకుని వంట చేసిన మనిషిని మర్చిపోయే అలవాటు మనకి ఇళ్ళలో తెలిసిందే. అదే అలవాటుని సంగీతంలో రసికత అంటున్నారు.

కాబట్టి ఎవరైనా ఒక గాయనిని వినమని చెప్పినప్పుడు, ఆమె పేరు పూర్తిగా చెప్పమనండి. ఆమెకి ఏం ముట్టిందో అడగండి. ఈశ్వరి పాటని కొత్త సినిమాలో వాడుకుంటే టైటిల్స్‌లో ఆమె పేరుందో లేదో చూడండి. కోరస్ పాడిన ప్రతి స్త్రీ పేరూ టైటిల్స్‌లో వెయ్యాలనీ, చట్టంలోని ఆ మెలికని తీసెయ్యాలనీ డిమాండ్ చేద్దాం. గొంతు కావాలి, మనిషి అక్కర్లేదు అనే వినికిడి మనకొద్దు.