నెట్ కొనే ముందు బంతి ఎటు పోతుందో చూడండి

అమెరికాలో ఉన్న మన చుట్టాల పిల్లలు చాలామంది బేస్‌బాల్ ఆడుతున్నారు. వాళ్ళ పెరట్లో ఒక మడత నెట్ ఉంటుంది. ఏడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. సంచిలో పట్టేస్తుంది, కాసేపట్లో నిలబెట్టెయ్యొచ్చు. ఫోటో చూడగానే చెన్నైలో ఉన్న మనకీ ఆశ పుడుతుంది. "వచ్చేటప్పుడు ఒకటి తెచ్చిపెట్టండి, మావాడు మేడమీద క్రికెట్ ప్రాక్టీసు చేసుకుంటాడు" అంటాం. నా మాట ఏమంటే, కావాలంటే తెప్పించుకోండి, కానీ అది క్రికెట్ నెట్ అనుకుని మాత్రం తెప్పించుకోకండి.

కారణం ఉంది. బేస్‌బాల్‌లో బంతిని ముందువైపుకే కొట్టాలి. ఆట స్థలమే 90 డిగ్రీల మూలలాగ ఉంటుంది, ఆ గీతలు దాటితే ఫౌల్. పిల్లాడు స్టాండు మీద పెట్టిన బంతిని గాల్లోకి కొడతాడు. కాబట్టి ఎదురుగా ఒక్క తెర ఉంటే చాలు. మన క్రికెట్ అలా కాదు. కట్ కొడితే ఒకపక్క, పుల్ కొడితే ఇంకోపక్క, బ్యాటు అంచు తగిలితే వెనక్కి. చుట్టూ ఎటైనా పోవచ్చు. పైగా మంచి డ్రైవ్ అంటే నేలబారుగా పోయేది. నెట్ కింద నాలుగు అంగుళాల సందు ఉన్నా బంతి అందులోంచి జారిపోతుంది.

అయితే ఒంటి తెర నెట్ దండగ అని కాదు. పక్కన ఒకరు కూర్చుని బంతిని వదలాలి, అది ఒక్క స్టెప్పు పడి లేచాక పిల్ల ఎదురుగా ఉన్న నెట్‌లోకి డ్రైవ్ కొట్టాలి. దానికి ఇది బాగా పనికొస్తుంది. ఎదురుగా నిలబడి విసిరేవాళ్ళుంటే నెట్ బ్యాటర్ వెనక ఉండాలి. విసిరే మనిషి నెట్‌కీ బ్యాటుకీ మధ్య నిలబడకూడదు. ఈ తేడా తెలియకుండా మేడ ఎక్కితే తగిలేది నాన్న మూతికే.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మా పనిలో వస్తువు ఎలా పనిచేస్తుందని కాదు, ఎక్కడ చెడిపోతుందని చూస్తాం. నెట్‌ని కూడా అలాగే చూడమంటాను.

మొదటిది కన్ను. అంటే వలలోని గడి. టెన్నిస్ బంతి అడ్డం సుమారు 6.5 సెంటీమీటర్లు, తోలు బంతి సుమారు 7. గడి ఒక వైపు 5 సెంటీమీటర్లకి మించకూడదు. డబ్బా మీద రాసింది నమ్మకుండా స్కేలు పెట్టి కొలవండి.

రెండోది వదులు. బిగించి కట్టిన వల బంతిని వెనక్కి తన్నుతుంది. కాస్త వేలాడే వల బంతి వేగాన్ని మింగి కిందకి వదులుతుంది. షాపులో నీటుగా కనిపించే బిగువు నెట్ ఇంట్లో ప్రమాదం.

మూడోది అడుగు భాగం. కింద అడుగు వెడల్పున వల నేలమీద పరుచుకోవాలి. లేకపోతే పాత చీరైనా మడిచి అడ్డం పెట్టండి.

నాలుగోది మన ఊరు. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రం పక్క ఇళ్ళలో ఇనప గొట్టాలు తొందరగా తుప్పు పడతాయి. ఎండకి చవక నైలాన్ పెళుసెక్కుతుంది. నవంబరు వానల్లో గాలికి తేలిక ఫ్రేము ఎగిరిపోతుంది. అలాగని మేడమీద మేకులు కొట్టకండి, కింద ఇంటివాళ్ళ సీలింగు కారుతుంది. నాలుగు ఇసక మూటలు చాలు. పిట్టగోడకి దూరంగా పెట్టండి. మేడమీద తోలు బంతి అసలు వద్దు, అది దాటి రోడ్డు మీద పడితే ఎవరి తల మీద పడుతుందో చెప్పలేం.

ఐదోది, పదేళ్ళ పిల్ల తనే మడిచి సంచిలో పెట్టగలదా? పెట్టలేకపోతే అది ఎండలోనే ఉండిపోతుంది, ఏడాది తిరక్కుండా చిరిగిపోతుంది.

ఇంతా చెప్పాక అసలు మాట. నెట్ ఒక్కరి కోసం, ఆట పదిమంది కోసం. చెన్నైలో ఈ తేడా అందరికంటే ముందు చూసిన మనిషి మన తెలుగువాడే. తెల్లవాళ్ళ క్లబ్బులో మనవాళ్ళకి చోటు లేని రోజుల్లో బుచ్చిబాబు నాయుడు 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టాడు. 1908లో ఆయన పోయాక ఆయన పేరు మీద మొదలైన టోర్నమెంటు ఇవాళ్టికీ ఉంది. ఆయన కొడుకు కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడి, 1936లో నలభై ఏళ్ళ వయసులో ఇండియాకి టెస్ట్ క్రికెట్ ఆడాడు. ఆ తండ్రి తన కొడుకులకి మాత్రమే ఆట సామాను కొనిపెట్టి ఊరుకోలేదు, ఊరి కుర్రాళ్ళందరికీ ఆడే చోటు చూపించాడు.

అందుకే నేననేది, నెట్‌కి పెట్టే డబ్బు అపార్టుమెంటులో నాలుగిళ్ళు కలిసి పెట్టండి. వారంలో మూడు రోజులు మేడమీద నెట్, ఆదివారం గ్రౌండు. టి.నగర్ సోమసుందరం గ్రౌండులో ఒకేసారి ఎన్ని ఆటలు నడుస్తాయో చూసే ఉంటారు. ఎవరి బంతి ఎవరిదో తెలుసుకుని ఆడటం, అరవంలో గొడవపడి మళ్ళీ అరవంలోనే రాజీ పడటం ఏ నెట్ నేర్పుతుంది? నేను చదువుకున్నది కన్నడ మీడియంలో. బడిలో పుస్తకం నేర్పినంత కన్నడ గ్రౌండు కూడా నేర్పింది. బయట ఊళ్ళో పెరిగే తెలుగు పిల్లలకి ఆ ఊరు సొంతమయ్యేది ఇలాంటి చోట్లలోనే.

ఇంకొకటి. మన ఇళ్ళల్లో తమ్ముడు కొడుతుంటాడు, అక్క బంతులు విసిరి విసిరి ఏరుకొస్తుంటుంది. నెట్ వచ్చాక కూడా అదే నడిస్తే మీరు కొన్నది పిల్లలకి నెట్ కాదు, అబ్బాయికి నెట్, అమ్మాయికి పని. చెరో ముప్పై బంతులు అని మొదటిరోజే లెక్క పెట్టండి. పదమూడేళ్ళ లోపు వాళ్ళకి తోలు బంతి కొనాల్సి వస్తే పెద్దవాళ్ళ 156–163 గ్రాములది కాకుండా, 133–144 గ్రాముల చిన్న బంతి అడిగి కొనండి. గ్రౌండులో, హెల్మెట్ పెట్టుకుని, ఇద్దరూ ఆడాలి.