సరిపోయినదెల్ల సొంతమగునా?

పాత చేతిగడియారములో నడిచెడి యంత్రము ఒకటి, దానిని కాపాడెడి లోహపు కేసు మరొకటి. ఈ రెండును కర్మాగారములోనే జతగూడినవా, లేక తరువాత ఏ మరమ్మతు బల్లమీదనో కలిసినవా అను ప్రశ్న ధనవంతుల వినోదమని పలువురు తలతురు. ఆ తలంపు సరికాదు. అది సత్యమునకు సంబంధించిన ప్రశ్న.

రామగుండము, గోదావరిఖని వంటి బొగ్గుగనుల ఊళ్ళలో దినము మూడు షిఫ్టులుగా విడిపోవును. భూగర్భములో సూర్యుడు కనబడడు. ప్రొద్దు తెలుపునది గడియారమే. 1961లో జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారముతో బెంగుళూరులో గడియారముల తయారీ ప్రారంభించిన హెచ్.ఎం.టి. సంస్థ, చేతిగడియారమును సామాన్య జీతగాని మణికట్టుకు చేర్చినది. పదవీ విరమణ చేసిన సింగరేణి కార్మికుని ఇంట కీ ఇచ్చెడి 'జనత' యొకటి నేటికిని ఉండుట వింత గాదు. 2016లో కేంద్ర మంత్రివర్గము ఆ గడియారముల కంపెనీ మూసివేతకు ఆమోదము తెలిపినది. వస్తువు అరుదైనకొలది కల్తీకి తావు పెరుగును.

ఆ కల్తీకి ఆధారమేమి? 0231 అను సంఖ్యగల 17 రాళ్ళ యంత్రము 'జనత'లోను ఉన్నది, 'పైలట్'లోను ఉన్నది. కావున ఒకదాని యంత్రము మరొకదాని కేసులో సులభముగా అమరును. దానికి క్రొత్తగా రంగు వేసిన డయలు తొడిగి, "అసలుది" అని అమ్మువారు కలరు. గడియారము నడచును, కాలమును సరిగానే చూపును. కాని తన్ను గురించి అబద్ధము చెప్పును.

పరీక్షించు మార్గము లేకపోలేదు. కీ ఇచ్చు కడ్డీ కేసు రంధ్రములోనికి వంకర లేక పోవలెను. యంత్రము కేసులో కదలరాదు. ముండ్లు, డయలుపై అక్షరములు, మూతమీది గుర్తులు ఆ నమూనాకు చెందినవై యుండవలెను. అయినను ఇవి యన్నియు సరిపోయినంతమాత్రాన జత మొదటిదని తేలదు; సరిపోకున్నచో మాత్రము సందేహింపవలసినదే.

"మొదటి కేసు" అనుమాటకు కూడ అన్నిచోట్ల ఒకే అర్థము లేదు. 19వ శతాబ్దిలో అమెరికాలోని వాల్తం, ఎల్జిన్ సంస్థలు జేబు గడియారపు యంత్రములను నిర్ణీత సైజులలో చేసి, తరచు కేసు లేకుండగనే అమ్మెడివి. కొనువాడు తన తాహతుకు తగిన కేసును అంగడిలో ఎన్నుకొనెడివాడు. అచ్చట రెండింటిపై ఇద్దరు తయారీదారుల పేర్లుండుట మోసము గాదు. కేసు అంచున మరలు నొక్కిన పాత గుర్తులు రెండు జతలు కనబడిననే, ఆ కేసులో ఇదివరలో వేరొక యంత్రముండెనని ఊహింపవలెను.

కావున భాగము మార్చుట దోషము కాదు. ఆగిన గడియారమును మరొకదాని చక్రముతో నడిపించిన మరమ్మతుదారుడు ఉపకారియే. మార్చి చెప్పకుండుట దోషము. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు: తండ్రి చెమటతో అరిగిన కేసును పారవైచి, యంత్రమును మెరిసెడి కేసులో పెట్టించుట. ఆ అరుగుదలయే ఆ గడియారమునకు నిజమైన చరిత్ర.

గనులలో ఇనుపత్రాళ్ళను, యంత్రములను పరీక్షించినవాడు ఫలితమును రిజిస్టరులో వ్రాసి సంతకము చేయవలెను. ప్రాణములు దానిపై ఆధారపడియుండును. ఆ నియమమునే ఇంటి గడియారమునకును పాటించుట కష్టము గాదు. ఏ భాగము ఎప్పుడు మారినదో ఒక చీటీపై వ్రాసి దానితో దాచిన చాలును. ఉపాధ్యాయులు విద్యార్థులచే ఇండ్లలోని పాత గడియారములకు అట్టి చీటీలు వ్రాయించినచో, వస్తువును సాక్ష్యముగా చదువుట వారికి అలవడును. అమరినదానిని వెంటనే నమ్మక, "ఇది దీనిదేనా?" అని అడుగుట నేర్చిన బాలుడు రేపు శాసనమును, వార్తాపత్రికను కూడ అట్లే చదువగలడు.