జెండాలు మారతాయి, రిష్తేలు తెంచుకోకండి

ఎలక్షన్ వచ్చిందంటే చాలు, మన ఖాందాన్‌లలో ఓ బీమారీ మొదలవుతోంది. సైకిల్‌కి ఓటేసిన మామూ 'ఖౌమ్ గద్దార్'. ఫ్యానుకి వేసిన ఖాలూ 'అమ్ముడుపోయినోడు'. చేతికి వేస్తే బేవఖూఫ్, పతంగికి వేస్తే జజ్బాతీ. ఫ్యామిలీ గ్రూపులో మొదలైన లడాయి ఈద్ రోజు సలాంకి జవాబు కూడా ఇవ్వనంత దూరం పోతోంది. ఎవరి కోసం భాయ్ ఇదంతా?

ఒక్కసారి హిసాబ్ చూడండి. తెలుగుదేశం 1999లో బీజేపీతో కలిసి పోటీ చేసింది. 2014లో మళ్లీ కలిసింది. 2018లో విడిపోయి, అదే ఏడాది తెలంగాణలో కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుంది. కాంగ్రెస్‌ని ఎదిరించడానికే పుట్టిన పార్టీ అది! 2024లో తిరిగి బీజేపీ పక్కకే చేరి, 2025లో వక్ఫ్ సవరణ బిల్లుకు ఓటేసింది. ఆ బిల్లును వైఎస్సార్ కాంగ్రెస్ వ్యతిరేకించింది, నిజమే. కానీ 2019 డిసెంబరులో పార్లమెంటులో సీఏఏకు ఓటేసిందీ ఆ పార్టీయే. బాబ్రీ మస్జిద్ షహీద్ అయిన 1992లో ఢిల్లీ హుకూమత్ కాంగ్రెస్‌ది. 2007లో మనకు 4 శాతం రిజర్వేషన్ చట్టం తెచ్చిందీ కాంగ్రెస్సే. మజ్లిస్ 2012లో కాంగ్రెస్‌తో తెగదెంపులు చేసుకుని, తర్వాత టీఆర్ఎస్‌కు దోస్త్ అయింది. ఆ టీఆర్ఎస్ 2022లో పేరే మార్చేసుకుంది.

అంటే పార్టీ అఖీదా కాదు. దాన్ని వదిలేస్తే ఎవరూ దీన్ వదిలినట్టు కాదు.

"అయితే నోరు మూసుకుని కూర్చోమంటారా?" హర్గిజ్ కాదు. అదబ్ అంటే ఖామోషీ కాదు. సవాల్ అడగండి, గట్టిగా అడగండి. కానీ బిల్లుకు ఓటేసిన ఎంపీని అడగండి. ఆయన ఇఫ్తార్‌కొస్తే శాలువా కప్పి సెల్ఫీ దిగుతాం, ఇంటికొచ్చి సొంత తమ్ముణ్ని మునాఫిఖ్ అంటాం. ఇదేం ఇన్సాఫ్? తమ్ముడి ఓటు వెనక బేటీ కాలేజీ ఫీజు ఉండొచ్చు, గల్లీకి రావాల్సిన మంచినీళ్ల పైపు ఉండొచ్చు. నీయత్ తెలిసింది అల్లాహ్ ఒక్కడికే. ఫిరౌన్ దగ్గరికి పంపుతూ కూడా మూసా అలైహిస్సలాంకి మెత్తగా మాట్లాడమనే హుకుం వచ్చింది. మన తమ్ముడు ఫిరౌన్ కన్నా జాలిమా?

వచ్చే ఎలక్షన్లకి ఈ పార్టీల్లో ఏది ఎవరితో చేతులు కలుపుతుందో ఎవరికీ తెలియదు. లీడర్లు మాత్రం షాదీల్లో పక్కపక్కనే కూర్చుని బిర్యానీ తింటారు. మీరు తెంచుకున్న రిష్తాని అతికించడానికి వాళ్లెవరూ రారు.