మినర్వాకు పంది చెప్పిన పాఠం

పునరుజ్జీవన కాలపు ఐరోపా పండితులు ఒకరినొకరు తిట్టుకోవడానికి సొంత మాటలు వెతుక్కోలేదు. ప్రాచీనుల నోటితో తిట్టించారు. తనకన్నా తెలిసినవాడికి చెప్పబోయినవాణ్ని ‘మినర్వాకు పాఠం చెప్పే పంది’ అన్నారు. మినర్వా రోమన్ల విద్యాదేవత. తాతకు దగ్గులు నేర్పడమని మనమూ అంటాం గానీ, వాళ్ల మాటలో కసి ఎక్కువ. ఆ దెబ్బ తిన్నవాడు ఎవరితో పోట్లాడాలి? ఎదుట ఉన్న పండితుడితోనా, ఆ సామెత వాడిన రోమన్ వక్త సిసిరోతోనా?

ఇలాంటి సామెతలన్నిటికీ పెట్టె డచ్ పండితుడు ఎరాస్మస్ కూర్చిన ‘అడేజియా’. 1500లో పారిస్‌లో 800 పైచిలుకు సామెతలతో మొదలైన ఆ పుస్తకం, 1508లో వెనిస్‌లో ఆల్డస్ అచ్చువేసేనాటికి 3,000 దాటింది. ఎరాస్మస్ పోయిన 1536 నాటికి 4,000 దాటింది. ప్రతి సామెతనూ ఎవరు వాడారో, అది ఎక్కడ పనికొస్తుందో ఆయన విప్పి చెప్పాడు.

వాటిలో నన్ను బాగా ఆకట్టుకున్నది ‘కడగని చేతులతో’. పవిత్రమైనదాన్ని శుద్ధి లేకుండా ముట్టుకోవడం దాని మూలార్థం. గ్రీకు, హీబ్రూ రాకుండానే బైబిలుకు భాష్యం చెప్పేవాళ్ల మీదికి ఎరాస్మస్ దాన్ని తిప్పాడు. ఆ తిప్పడం వెనక ఒక పోరాటం ఉంది. లాటిన్ బైబిలును గ్రీకు మూలంతో పోల్చి తప్పులు పట్టిన లోరెంజో వల్లా వ్యాఖ్యల రాతప్రతి 1504లో లూవెన్ దగ్గరి మఠంలో ఎరాస్మస్‌కు దొరికింది. మరుసటి ఏడే అచ్చు వేయించాడు. వ్యాకరణం చెప్పుకునేవాడికి బైబిలుతో ఏం పనని వేదాంతులు మండిపడతారని ఆయనకు తెలుసు. అందుకే మడి నిజంగా ఎవరికి లేదో ఆ సామెతతో వాళ్లకే చూపించాడు. 1516లో బాసెల్‌లో తన గ్రీకు కొత్త నిబంధనను వ్యాఖ్యలతో సహా వెలువరించాడు. ఆ పని చేసినవాడు గనుక ఆ మాటకు విలువ వచ్చింది. రుజువు లేకుండా విసిరితే అదే సామెత వట్టి దూషణ. సామెత రుచికే తప్ప కడుపు నింపడానికి కాదని ఎరాస్మసే హెచ్చరించాడు.

అందుకే మా పత్రికకు పుస్తక సమీక్షలు పంపే మిత్రులకు ఒక విన్నపం. ఎంత పదునైన సామెతైనా వేయండి, అచ్చు వేస్తాం. దాని ముందు మాత్రం, మీరు సమీక్షించే పుస్తకంలో తప్పు ఏ పేజీలో ఉందో, ఒప్పు ఏమిటో చూపించండి.