గోల్ఫు గుంటలును క్షేత్రగణితమును

గోల్ఫు ధనవంతుల ఆటయనియు, విశాలమైన పచ్చిక బయలు లేనిదే సాగదనియు పలువురు తలంచుచున్నారు. మేమట్లు తలంపము. బంతిని మెల్లగా గుంటలోనికి దొర్లించుటయే అందలి నేర్పు. స్కాట్లండునందలి సెయింట్ ఆండ్రూసులో 1867లో స్త్రీలకై ఏర్పడిన సంఘము, మిట్టపల్లములు గల చిన్న స్థలముననే నేటికిని ఆడుచున్నది.

ఇండ్లు క్రిక్కిరిసిన తార్నాకలో క్రికెట్టునకు చోటు దొరకుట కష్టము. దీనికి పాఠశాల ఆవరణమున ఒక మూల చాలును. విద్యార్థులు మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయపు మిట్టపల్లములను, బండరాళ్లను చూచివచ్చి, తొమ్మిది గుంటల పటము తామే గీయవలయును. 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్సు కళాశాల కమానును చెక్కతో చిన్నదిగా చేసి నిలిపినచో, బంతి దానిక్రిందుగా పోవును. గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు. పచ్చికకు మాఱుగా జల్లించిన ఇసుకను అణచిన చాలును. వేసవిలో మంచినీటిని నేలపాలు చేయుట తగదు. అంచుపలకను తాకిన బంతి ఇంచుమించు పడిన కోణముననే మరలును. నల్లబల్లపై అర్థముకాని క్షేత్రగణితము ఇచ్చట కంటికి కనబడును.

చదువు చెడునని శంకించు తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. దేవుడు ప్రతి బిడ్డకును ఒక నేర్పు నొసగియున్నాడు. పరుగుపందెమున వెనుకబడు బిడ్డయు ఇందు గెలువగలదు. తామే కట్టినదానిని పిల్లలు పాడుచేయరు.